మామ షుగరూ, నా చల్లారిన ముద్దా

"ఏం కష్టం లేదు, చిన్న చిన్న మార్పులు చాలు." ఈ మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరికి కష్టం లేదు నాయనా అని నిలదీసి అడగాలనిపిస్తుంది.

ఆ మాట మా ఇంటికి మరిది వల్ల, మామ ఫోన్లో వచ్చింది. రెండువేల పది ఇంకా రాలేదు. చింతామణిలో మాది పప్పుదినుసుల అంగడి. మామ, మా ఆయన పొద్దంతా అంగట్లో ఉంటారు, పిల్లలు బడికి పోతారు. అత్త పోయినాక ఇంట్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మరిదికి బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. మామకు షుగర్ ఉందని తేలినప్పుడు, వారం చివర ఇంటికొచ్చిన మరిది ఆయన ఫోన్లో ఏదో ఎక్కించి ఇచ్చాడు. చిక్కబళ్లాపురంలో భార్యాభర్తలిద్దరూ డాక్టర్లంట, క్లినిక్‌లోనే మాట్లాడి రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడతారంట. దాన్ని పాడ్‌కాస్ట్ అంటారంట.

"రేడియో మాదిరే నాయనా. అయితే నీకు యాపొద్దు కావాలంటే ఆ పొద్దు వినొచ్చు" అన్నాడు మరిది.

మామ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం విన్నాడు. ఫోన్‌ను ఖాళీ ఇత్తడి పడిలో నిలబెడితే శబ్దం పెద్దగా వస్తుందని కనిపెట్టాడు. కందిపప్పు కొలిచే పడిలోంచి డాక్టరు గొంతు అంగడంతా వినిపించేది. సగం తెలుగు, సగం కన్నడ, మధ్యమధ్య ఇంగ్లీషు. ఆయన ఒక సలహా చెబుతాడు, ఆమె నవ్వి "ఎంత సింపుల్ కదా" అంటుంది. ప్రతి వారం ఒక కొత్త సింపుల్.

మొదటి సింపుల్, తినేది ఏదైనా సరే నోట్లో నీళ్లయ్యేదాకా నమిలి మింగాలట. ఆ మాట చెప్పినవాళ్లు జన్మలో ముద్ద తిన్నారో లేదో నాకు తెలియదు. మా దిక్కు రాగిముద్దను నమలరు. కొంచెం తుంచి, గుండ్రంగా చేసి, పులుసులో ముంచి మింగేస్తారు. నా పుట్టిల్లు బాగేపల్లి దగ్గర మిట్టేమరి. చిన్నప్పుడు ఎవరైనా ముద్ద నమిలితే మా అవ్వ "ఏమే, గొడ్డా నువ్వు?" అని తిట్టేది. అట్లాంటి ముద్దను మామ కూర్చుని నమిలాడు. అది పళ్లకు, అంగిలికి పట్టుకుంది. కళ్లలో నీళ్లు వచ్చాయి. మింగండి మామా అంటే వినడు, డాక్టరు చెప్పినాడు అంటాడు. దవడలు నొప్పి పుట్టి సగం ముద్ద కంచంలో వదిలేశాడు. మర్నాడూ అంతే. అట్ల వదిలిన సగాలన్నీ నా దగ్గరికి వచ్చేవి.

ఎందుకంటే ఆ ఇంట్లో చివర తినేది నేను. ఇది ఎవరూ నాకు చెప్పి పెట్టిన చట్టం కాదు. మామ తినాలి, మా ఆయన తినాలి, పిల్లలు మధ్యాహ్నం బడి నుంచి వచ్చి తినాలి, ఆ తర్వాత గిన్నెల్లో ఉన్నది నేను తినాలి. ముద్దను వేడిగా ఉన్నప్పుడే తినాలని అందరికీ తెలుసు, చల్లారితే రాయవుతుంది. ఆ రాయిని మజ్జిగలో పిసికి తినడం నాకు పెళ్లయినప్పటి నుంచి అలవాటు. మా అమ్మా అట్లే తినింది, మా అత్తా అట్లే తినింది.

పాడ్‌కాస్ట్ వచ్చినాక వంట రెండయింది. మామకు సామన్నం, ఆకుకూర, మొలకెత్తిన పెసలు, కాకరకాయ రసం. అవి కూడా గడియారం చూసుకుని కొంచెం కొంచెంగా పెట్టాలి. మా ఆయనకు, పిల్లలకు మామూలు అన్నం, పులుసు. సామలు చెరిగి రాళ్లు ఏరడం, పెసలు నానబెట్టి మూటగట్టడం, కాకరకాయ తురిమి పిండడం, ఇవన్నీ ఏ వారం సింపుల్లోనూ చెప్పలేదు. అవి వాటంతట అవే అవుతాయని ఆ డాక్టర్ల నమ్మకం కాబోలు. నా మధ్యాహ్నం భోజనం సాయంత్రం కాఫీ వేళకు జరిగింది.

ఇంకో సంగతి. మామ మానేసినవన్నీ ఇంట్లోకి రావడం మానలేదు కదా. పెళ్లిళ్ల నుంచి లడ్లు వస్తాయి, పండగకు పక్కింటివాళ్లు ఓళిగలు, అదే బొబ్బట్లు, పంపిస్తారు. ఒక పూట వండిన అన్నం ఇంకో పూటకు మిగులుతుంది. అన్నం పారేయడం మా ఇంట్లో పెద్ద తప్పు. మామ ఓళిగ పళ్లేన్ని నా వైపు జరిపి "నువ్వు తినమ్మా. నీకేమి, పొద్దంతా తిరగతానే ఉంటావు, అంతా కరిగిపోతాది" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. అదే నాకు ఇప్పుడు ఎక్కువ కోపం తెప్పిస్తుంది, ఆ ప్రేమను ఏమనీ తిట్టలేను కనుక.

మామకు షుగర్ తగ్గింది. వీధిలో అందరూ అడగడం మొదలుపెట్టారు. మరిది ఆ డాక్టర్లకు రాశాడు. వాళ్లు సంతోషపడి, మీ ఇంటికే వచ్చి మీ నాయనతో మాట్లాడి రికార్డు చేస్తామన్నారు. మామ అంగడికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. "డాక్టర్లు వస్తాండారప్పా, నా సందర్శన తీసుకునేదానికి." ఇంటర్వ్యూకు మా దిక్కు కన్నడ మాట అది.

ఒక ఆదివారం వచ్చారు. మంచి మనుషుల్లాగే ఉన్నారు. నడవలో కూర్చున్నారు, శబ్దం వస్తుందని ఫ్యాను ఆపించారు. చిన్న యంత్రం ఒకటి బల్ల మీద పెట్టారు. నేను వాళ్లకు కూడా కలిపి వంట మొదలుపెట్టాను. డాక్టరు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "రికార్డింగ్ అయ్యేదాకా గిన్నెల శబ్దం చేయొద్దమ్మా, అంతా దీంట్లో పడతాది" అన్నాడు. సరే సార్ అన్నాను. నా వంటింట్లో నేనే దొంగలాగా గరిటె మెల్లగా దించి పెట్టుకున్నాను.

"ఇంత మార్పు ఎట్ల సాధించినారు పెద్దాయనా?" అని అడిగాడు డాక్టరు.

"ఏమీ లేదు సార్. మనసు గట్టి చేసుకుంటిని. అంతే" అన్నాడు మామ.

"విన్నారు కదా, ఎంత సింపులో" అంది ఆమె యంత్రం వైపు వంగి.

అప్పుడే మజ్జిగ తీసుకుని వెళ్లాను. "మజ్జిగ తీసుకోండి సార్" అన్నాను. మామ నన్ను చూసి కూడా, ఇదంతా వండింది ఈయమ్మే అని ఒక్క ముక్క అనలేదు. అనాలని ఆయనకు తోచనే లేదు.

తర్వాత ఆ డాక్టరమ్మ, ఇంట్లోనే షుగర్ చూసుకోవడం ఎంత సులభమో వినేవాళ్లకు చెప్తాను, ఒకరు వేలు ఇవ్వండి అంది. మా ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మరిది నవ్వి తప్పుకున్నాడు. మామ అన్నాడు, "మా కోడలికి చూడండమ్మా. ఆయమ్మకేమీ లేదు, గట్టి మనిషి."

వేలు చాపాను. చుక్క రక్తం తీసి యంత్రంలో పెట్టింది. అంకె చూసింది. నవ్వు ఆగిపోయింది. మామకు మొట్టమొదట వచ్చిన అంకె కన్నా నాది పెద్దది.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఇంకా ఏమీ తినలేదమ్మా."

"రాత్రి?"

"మిగిలిన అన్నం. రెండు ఓళిగలు ఉండె, చెడిపోతాయని తింటిని."

"మధ్యాహ్నం ఎన్ని గంటలకు తింటావు?"

"అందరూ తిన్నాక. ఒక్కోనాడు పొద్దు వాలతాది."

ఆమె ఇంకేదో అడగబోయింది. డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. "ఇది వద్దు, కట్ చేసేద్దాం. టాపిక్ పక్కకు పోతాది" అన్నాడు ఆమెతో. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా చిన్న చిన్న మార్పులు చేసుకోమ్మా. టయానికి తిను. దినామూ వాకింగ్ పో. టెన్షన్ పెట్టుకోవద్దు" అన్నాడు.

నా షుగర్ టాపిక్ కాదట. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ డాక్టరమ్మ వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, క్లినిక్‌కు రా, రక్తపరీక్ష సరిగ్గా చేద్దాం అని మెల్లగా చెప్పింది. ఆ మాట యంత్రం ముందర ఎందుకు చెప్పలేదని ఆమె మీద నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. నా అంకె ఎట్ల వచ్చిందో డాక్టరుకు తెలియలేదు అనుకుందాం. ఆమెకు తెలిసింది, నేను ఆమె ముఖంలో చూశాను.

మరుసటి వారం చిక్కబళ్లాపురం వెళ్లాం. షుగర్ ఖాయమే. తిరుగు బస్సులో మా ఆయన "నీకెట్ల వచ్చెనే ఇది" అన్నాడు, నేనేదో బజారుకు పోయి కొనుక్కొచ్చినట్టు. మా అమ్మకూ ఉండేది, అక్కడి నుంచే వచ్చిందేమో. కానీ ఆ ఓళిగలు మా అమ్మ పంపలేదు.

ఇంకొన్ని రోజులకు మామ పాడ్‌కాస్ట్ వచ్చింది. అంగట్లో పది మంది చేరారు. నేనూ వెళ్లి మూటల పక్కన నిలబడ్డాను. మామ మనసు గట్టి చేసుకున్న మాట వచ్చింది. ఆమె సింపుల్ అన్న మాట వచ్చింది. "మజ్జిగ తీసుకోండి సార్" అని నా గొంతు వచ్చింది. ఆ వెంటనే ధన్యవాదాలు చెప్పేశారు. నా వేలి రక్తం లేదు, నా అంకె లేదు, నేను తినే వేళ లేదు. అందరూ మామ భుజం తట్టారు. పడిలోంచి ఫోన్ తీసి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. ఇంటికొచ్చి, ఎసరు పెట్టి రాగిపిండి పోశాను.

ముద్ద కెలికి దించేసరికి మామ భోజనానికి వచ్చాడు. రెండు కంచాలు పెట్టాను. ఆయన కంచంలో సామన్నం వడ్డించాను. రెండో దాంట్లో ముద్ద, ఆకుకూర పులుసు వేసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

మామ చెయ్యి ఆగింది. "ఏమ్మా, వాడింకా రాలేదే."

"టయానికి తినమన్నాడు కదా మామా డాక్టరు. మీకొక్కరికేనా? అన్నం గిన్నె ఆడుండాది, ఆయనొస్తే పెట్టుకుంటాడు. ఇంక మిగిలింది నేను తినను, వీధి గొడ్లకు వేస్తాను."

మామ తల వంచుకుని సామన్నం కలుపుకున్నాడు. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, నన్ను చూసి, వంటింటి వైపు చూశాడు. నేను లేవలేదు.

తుంచిన ముద్దను పులుసులో ముంచి మింగాను. వేళ్లు చుర్రుమన్నాయి, నాలుక కాలింది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినాక వేడి ముద్ద తినడం అదే మొదలు. ఎట్ల తినాలో మరిచిపోయాను.