నూట నలభై చలానాల కారు

ట్రాఫిక్ ఆఫీసులో అందరూ ఆమెను చలానా అక్క అంటారు. పదహారేళ్లుగా కట్టని జరిమానాల ఫైళ్లన్నీ ఆమెవే. గొంతు పెంచకుండా మొండి బాకీలు రాబట్టడంలో అందెవేసిన చెయ్యి. ఈసారి తగిలింది మాత్రం విదేశీ రాయబారి కారు. రోజూ పిల్లల ఆసుపత్రి ముందు, సరిగ్గా అంబులెన్సు మలుపు తిరిగే చోటే ఆగుతుంది. నూట నలభై చలానాలు పడ్డాయి, ఒక్కటీ కట్టలేదు. రాయబారి మీద కేసు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

"క్రేను పెట్టి లాగించేస్తా," అన్నాడు ఆఫీసరు.

"లాగితే కదిలేది కారు కాదు సార్, మీ కుర్చీ. నాకొక్క వారం ఇవ్వండి."

ఆఫీసరు సొరుగులోంచి రికార్డు గది తాళంచెవి తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. "ఈలోగా సొమ్ము రాకపోతే సోమవారం నుంచి మీ సీటు అక్కడే." కిటికీ కూడా లేని నేలమాళిగ అది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆసుపత్రి ముందు కాపు కాసింది. రాయబారి చేతికర్ర ఊతంతో కారు దిగి, పక్కనున్న ఫిజియోథెరపీ క్లినిక్‌లోకి కుంటుతూ వెళ్లాడు. కానిస్టేబులు చలానా అద్దానికి తగిలించి అటు తిరిగాడో లేదో, ముసలి డ్రైవరు దాన్ని లాగి సీటు కింద దోపాడు.

"ఏం బాబాయ్, అక్కడ ఇంకా చోటుందా?"

డ్రైవరు సీటుకు అడ్డంగా నిలబడ్డాడు. "అయ్యగారికి తెలీదు తల్లీ. మోకాలు నొప్పి, నడవలేరు. అందుకే ఇక్కడ ఆపుతా. ఇవి చూపిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

సాయంత్రం ఆమె ఉత్తరం రాసింది. అందులో డ్రైవరు ఊసు లేదు, చట్టం ఊసూ లేదు. 'అద్దానికి తగిలించిన కాగితాలు మీ దాకా చేరతాయనుకోవడం మా పొరపాటు. మన్నించండి. నకళ్లు జతచేశాము. క్లినిక్ వెనక గుమ్మం పక్కనే మీ కారుకు చోటు గీయించాము.' పెయింటర్లను బతిమాలి ఆ గీతలు అప్పటికే వేయించింది.

"తప్పు వాళ్లదీ, క్షమాపణ మనదీనా?" ఆఫీసరు పళ్లు నూరాడు.

"దానికేం ఖర్చు లేదు కదా సార్, సంతకం పెట్టేయండి."

బుధవారం జవాబు లేదు. గురువారమూ లేదు. "అక్కా, కింద దోమలట, మస్కిటో కాయిల్స్ తెచ్చుకో," అని పక్క సీటు గుమాస్తా ఆటపట్టించాడు.

శుక్రవారం రాయబారే వచ్చాడు. ఎదురెళ్లిన ఆఫీసరును దాటి, కర్ర టకటకలాడిస్తూ నేరుగా ఆమె బల్ల దగ్గరికొచ్చి మొత్తం సొమ్ముకు చెక్కు పెట్టాడు.

"మీ కాగితాలు మా ఆఫీసులోనే ఎక్కడో ఆగిపోయి ఉంటాయి," అన్నాడు, గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు వైపు చూడకుండా. "మీ ఉత్తరం ఇంకో ముగ్గురు రాయబారులకు చూపించాను. తమ చలానాలు కట్టడానికి సోమవారం వాళ్లూ వస్తారు."

డ్రైవరు ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

వాళ్లు వెళ్లాక చలానా అక్క తాళంచెవిని ఆఫీసరు ముందు పెట్టింది. "అటెండరుకివ్వండి సార్. ఈ ఫైలు కింద రికార్డు గదిలో పెట్టి రావాలి."