కండెలు చుట్టించిన పెద్దమ్మ

మొన్న సోమవారం పొద్దున మా పక్కింటి పెద్దమ్మ చనిపోయింది. పొయ్యి మీద చాయ పెట్టి, గుండె పట్టుకుని అక్కడే కూలబడిందట, మళ్లీ లేవలేదు. సిద్దిపేటలో మా గల్లీ అంతా వాళ్ల వాకిట్లోకి వచ్చింది. వచ్చినవాళ్లలో సగం మంది ఆమె ముందు నిలబడి, ఇక ఆయన గతేమిటని ఆమె భర్త పెద్దబాపును చూసి ఏడ్చారు. నాకు ఒళ్లు మండింది. పోయిన రోజైనా ఆమె కోసం ఏడవరా?

పెద్దబాపు మగ్గం నేసేవాడు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక చూడవచ్చినవాళ్లకు లెక్క లేదు. పళ్లు తెచ్చారు, మంచం చుట్టూ కూర్చున్నారు, ఎవరెవరు ఇట్లాగే మంచాన పడి చనిపోయారో ఆయన వింటుండగానే చెప్పుకున్నారు. పెద్దమ్మ వాళ్లందరికీ చాయలు పోసి, ఆ కప్పులు కడిగింది. నువ్వెట్లున్నవని ఆమెను అడిగిన నోరు ఒక్కటీ లేదు. ఆమెకూ బీపీ ఉందని మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

వ్యాయామం నేర్పిన డాక్టరమ్మ, ఆయన పని ఆయన్నే చేసుకోనివ్వమంది. పెద్దమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది. అన్నం కలిపి ముందు పెట్టేది కానీ, ముద్ద నోటికి అందించేది కాదు. సగం బట్టల మీదే పడేది. మా అమ్మ ఉండబట్టలేక అడిగితే, "నేను తినిపిస్తే నా చెయ్యికి బలమొస్తది చెల్లె, ఆయన చెయ్యికి రాదు" అంది. రాతిగుండె మనిషని గల్లీ పేరు పెట్టింది. ఆయన తిన్నాక గోడ చాటున ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

బంతి పిసకమంటే, గోడ మీద వేళ్లు పాకించమంటే పెద్దబాపు మొహం తిప్పుకునేవాడు. అప్పుడామె తన రాట్నం తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేసేవాళ్ల ఇళ్లలో మగవాడు మగ్గం మీద కూర్చుంటాడు, ఆ మగ్గానికి కావలసిన నూలును రాట్నం మీద కండెలుగా చుట్టేది ఆడవాళ్లు. ఆయన కుడి చేతిని పిడి మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి తిప్పించింది. నూలు తెగేది, చిక్కుపడేది. ఆమె విసుక్కోకుండా అతికేది. కొన్నాళ్లకు తన చెయ్యి తీసేసింది.

అది చూసి ఆయన తమ్ముడు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "మొగోనితోని ఆడోళ్ల పని చేపిస్తవా వదినే? మా అన్న ఇజ్జత్ తీస్తున్నవ్" అన్నాడు. ఆ పెద్దమనిషి ఒక్కనాడూ అన్నకు స్నానం చేయించినవాడు కాదు. కాసేపు నడుం వాల్చమని ఆమెతో అన్నవాడూ కాదు. ఇజ్జత్ దగ్గర మాత్రం వాటాకొచ్చాడు. పెద్దమ్మ గొంతు పెంచలేదు.

"పాపమనుకుంట పండబెడితే మనిషి మంచానికే అతుక్కపోతడు. మీ అన్న లేసినంక మీ ఇజ్జత్ కూడ లేస్తది తియ్యి" అంది.

చలికాలం దాటేసరికి పెద్దబాపు కర్ర పట్టుకుని వాకిలి దాకా వచ్చాడు. అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. ఆమెకు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

వాళ్లకు పిల్లలు లేరు. సోమవారం మధ్యాహ్నం తమ్ముడు తన కొడుకును ముందుకు తోసి, కొరివి వీడు పెడతాడన్నాడు. అన్నను ఇంటి దగ్గరే కుర్చీలో కూర్చోబెట్టమన్నాడు. పెద్దలు తలలూపారు. నేను నోరు తెరిచేలోపే పెద్దబాపు లేచి నిలబడ్డాడు.

"నేనే పెడ్త. నా పెండ్లాం" అన్నాడు. మాట ముద్దగానే వచ్చింది, అయినా వినబడనివాళ్లు లేరు.

శ్మశానంలో కర్ర నా చేతికిచ్చి, కొరివి కుడి చేతిలోకి తీసుకున్నాడు. కాలు ఈడ్చుకుంటూ చితి చుట్టూ తిరిగాడు. తమ్ముడు మోచెయ్యి పట్టబోతే విదిలించుకున్నాడు. చితి అంటుకుంది, కానీ ఆయన వేళ్లు విడలేదు. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టుకున్నదాన్ని తొందరగా వదలదు. మంట పిడికిలి వైపు పాకుతుంటే కొరివి లాగెయ్యడానికి అందరూ మీదికొచ్చారు. ఆయన తల అడ్డంగా ఊపి, ఎడమ చేత్తో ఆ వేళ్లను ఒక్కొక్కటిగా తనే విప్పుకున్నాడు.