ఒక్కరికి సరిపడే టెంటు

పోయిన నెల ఒక ఆదివారం, మదురైలో ఉద్యోగం చేసే మా అన్న మనవరాలు మా ఊరు రాజపాళయం వచ్చి, నా పక్కన కూర్చొని, ఫోనులో రెండు టెంట్లు చూపించి, వీటిలో ఏది కొనమంటావు అవ్వా అని అడిగింది. తానొక్కతే మూట వీపున వేసుకొని నాలుగు దినాలు కొండల్లో నడవబోతుందట. ఒకటి కిలో బరువు కూడా లేదు, ఒంటి పొర, చేతికర్రనే గుంజగా నిలబెట్టాలి. ఇంకొకటి రెండు పొరలది, అరకిలో ఎక్కువ. రెండూ దాని జీతానికి అందేవే. ముప్పై ఏండ్లు మిల్లులో గుడ్డ నాణ్యం చూసినదాన్నని నన్ను అడిగింది. నాకు కడుపు మండింది. డెబ్బై దాటినదాన్ని, ఆ పిల్లను చూసి కుళ్లుకున్నానని చెప్పేదానికి సిగ్గుగానే ఉంది, కానీ నా ఈడు వాళ్లకు కాక ఇంకెవరికి చెప్పుకొనేది.

నాకు పంతొమ్మిదేండ్లప్పుడు, మిల్లులో చేరిన కొత్తలో, మా అన్నా వాని సావాసగాళ్లూ వానలు తగ్గగానే పడమటి కొండలెక్కి రెండు మూడు దినాలు ఉండి వచ్చేవాళ్లు. వాళ్లు మోసుకుపోయే తార్పాలిన్ ఒక మనిషంత బరువుండేది. నాకూ పోవాలని, అదీ ఎవరి తోడూ లేకుండా పోయి వాగు పక్కన ఒక దినం ఊరికే కూర్చోవాలని ఆశ. మిల్లులో మాకిచ్చే గుడ్డ తునకల్లో సన్నటి, చిక్కటి నేత ఏరి, సాయంత్రాలు కూర్చొని కుట్టి, కొవ్వొత్తి మైనం రుద్ది, పైన ఇస్త్రీ పెట్టి నీళ్లు దిగకుండా చేసి, చంకలో ఇమిడే టెంటు తయారు చేసినాను. ఒంటిగా కొండకు పోతానని అమ్మతో చెప్తే తిట్టలేదు, నవ్వింది; తిట్టి ఉంటే బాగుండేది. అన్న ఆ టెంటును కొండకు ఎత్తుకొని పోయినాడు. వచ్చి, ఒక్క చుక్క కూడా దిగలేదని వీధంతా చెప్పుకున్నాడు, అందరూ వాణ్నే మెచ్చుకున్నారు. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

వాడు మళ్లీ పోయే ముందు, ఎవరూ చూడనప్పుడు, టెంటు నడినెత్తిన జానెడు కుట్టు విప్పినాను.

కొండ మీద వాన పట్టుకుంది. అన్న వణుకుతూ వచ్చి, జ్వరంతో పది దినాలు పండుకున్నాడు. గంజి తాగించింది నేనే. ఒకనాడు గంజి తాగుతూ, “నీ టెంటు పాడు చేసినాను అమ్మాయీ, నేనే గట్టిగా లాగినట్టున్నాను, కుట్టు ఊడిపోయింది” అన్నాడు. నేను “సరి, పోనీలే అన్నా” అన్నాను. నాలుగేండ్ల కింద వాడు చనిపోయినాడు, కుట్టు విప్పింది నేనేనని అప్పటికీ చెప్పలేదు.

వాని మనవరాలు ఫోను పట్టుకొని చూస్తూ ఉంటే, ఆ ఒంటి పొరదే తీసుకో అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒంటి పొరైతే మా కొండల తేమకు లోపలి మనిషి ఊపిరే చెమ్మయి, తెల్లారేసరికి పైనుంచి బొట్లు బొట్లుగా మీద పడుతుందని నాకు తెలుసు. దాని ముఖం చూసినాను. అరకిలో ఎక్కువైనా మోసుకో, రెండు పొరలదే తీసుకో, కుట్ల మీద నీళ్లు దిగకుండా పట్టీ అంటించినారా లేదా చూసి తీసుకో అని చెప్పినాను.

టెంటు వచ్చినాక ఆ పిల్ల మిద్దె మీద వేసి, నన్ను లోపలికి పోయి పండుకొని చూడమంది. మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి పండుకున్నాను. కొత్త గుడ్డ వాసన, పచ్చటి వెలుతురు. ఒక గడియసేపు నన్ను ఎవరూ పిలవలేదు.

ఆ పిల్ల బయలుదేరిన పొద్దు, ఎందుకు పోతున్నావని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఎప్పుడు వస్తావని మాత్రం వాళ్లమ్మ అడిగింది. ఎందుకని కాక, ఎప్పుడు వస్తావని నన్ను ఎవరైనా అడిగే దినం వస్తుందని ఆ వయసులో ఎంత ఎదురుచూసినానో. మోకాళ్ల నొప్పి అని సాకు చెప్పి, నేను బస్సు దాకా పోలేదు.