తలుపు బయట తేయ్‌జె బూట్లు

కరోనా భయంతో అందరం తలుపులు బిగించుకుని కూర్చున్న ఆ రోజుల్లో, పక్కింట్లో ఏం జరుగుతోందో ఊహించుకోవడమే మాకు కాలక్షేపం. నేనప్పుడు జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. క్లాసులు ఆన్‌లైన్, పార్ట్‌టైం ఉద్యోగం హుష్‌కాకి. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే టర్కీ పెద్దావిడకు సరుకులు తెచ్చి తలుపుకు తగిలించేవాణ్ణి. ఆవిడ మాస్కు పెట్టుకుని గుమ్మంలో నిలబడి, మెట్ల మీదున్న నాకు టర్కిష్ నేర్పేది. ఆవిణ్ణి తేయ్‌జె అనేవాణ్ణి, అంటే పిన్నిగారన్నమాట. ఆ వారం పాఠం ఊహలు. మెట్ల మీద చప్పుడైతే 'పోస్ట్‌మాన్ అయ్యుండాలి', వాసనొస్తే 'పై ఇంట్లో ఉల్లిపాయలు మాడుతూ ఉండాలి' (అది మా వంటే). చివర 'ఓల్‌మలి', అంటే 'అయ్యుండాలి' అని తగిలిస్తే చాలు, దేన్నయినా తేల్చెయ్యొచ్చు. నేను పెద్ద డిటెక్టివునైపోయాననుకున్నాను.

ఒక రోజు పాలు తీసుకుని దిగేసరికి ముందురోజు సంచీ ఇంకా తలుపుకే వేలాడుతోంది. కింద ఆవిడ నల్ల బూట్లు. బెల్లు కొట్టాను, పలకలేదు. మళ్ళీ కొట్టాను. నిన్న గొంతు నొప్పి అన్న సంగతి గుర్తొచ్చింది. మా కరీంనగర్ రూమ్మేట్‌ని పిలిస్తే పైనుంచే తొంగిచూసి, "చెప్పులు బయటున్నయంటే మనిషి లోపలున్నట్టే గదరా. పండుకున్నదేమో, పరేషాన్ గాకు" అన్నాడు. నిజమే, మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన లెక్క అది. అయినా మనసాగక, అవసరానికని ఆవిడిచ్చిన కూతురి నంబరుకు బూట్ల ఫోటో పంపి, కింద టర్కిష్‌లో 'అమ్మగారు తలుపు తీయడం లేదు, లోపలే ఉండాలి' అని రాశాను. 'ఓల్‌మలి' చక్కగా కుదిరిందని కాస్త గర్వపడ్డాను కూడా.

వెంటనే ఫోన్. అవతల ఏడుపు. "ఆ బూట్లు బయట ఎవరు పెట్టారు? మా ఊళ్ళో మనిషి పోతే పెడతారు అలాగ" అంది జర్మన్‌లో. వాళ్ళమ్మ చావు కబురు నేనే ఫోటో తీసి పంపానన్నమాట. రూమ్మేట్ ఒక్క ఉరుకున దిగొచ్చి, "తేయ్‌జె, జర తలుపు తియ్యమ్మా" అని తెలుగులోనే తలుపు బాదడం మొదలుపెట్టాడు. నేను కూతురి కాల్ స్పీకర్లో పెట్టి, వాడి ఫోన్లో అంబులెన్సు నంబరు నొక్కబోయాను.

తలుపు తెరుచుకుంది. తలనిండా గోరింటాకు, పైన ప్లాస్టిక్ కవరు, చేతిలో చెవి మిషను. బూట్లు వెనిగర్‌తో కడిగి ఆరబెట్టిందట. సంచీలో వైరస్ చావాలని ఒక రాత్రి బయటే ఉంచిందట. మా మొహాలు చూసి పగలబడి నవ్వింది. స్పీకర్లో కూతురి ఏడుపు చెవిన పడగానే ఆ నవ్వాగిపోయింది. "యాషియోరుమ్, కిజిమ్" అంది. బతికే ఉన్నాను తల్లీ, అని. ఆ మాటకు నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు ఎర్లాంగెన్‌లో ఉద్యోగం. తేయ్‌జె నుంచి కొన్నాళ్ళు మెసేజ్ రాకపోతే, 'పనిలో ఉండాలి' అని మనసు పాత పాఠం అప్పజెబుతుంది. దాని మాట వినను, ఫోన్ చేస్తాను. ఆవిడ హలో అనదు. "యాషియోరుమ్" అంటుంది.