తీగ తాకని వేలు

ల్యాబులో రక్తం తీసే ఆమెను అందరూ సూదక్క అంటారు. ఇరవై ఏళ్లుగా ఆమె నరాన్ని ఎడమచేతి వేలికొనలతోనే వెతుకుతోంది. మూడు నెలలుగా అవే వేళ్లతో గిటారు మీద మేజర్ ఆర్పెజియోలు, అంటే స గ ప స్వరాలను ఒక్కొక్కటిగా, సాధన చేస్తోంది. కొనలు కాయలు కాసి మొద్దుబారాయి.

ఈ ఉదయం ఒక ముసలమ్మ చేతి మీద నాలుగు వేళ్లకూ నరం తెలియలేదు.

"ఏమే, నా ఒంట్లో నెత్తురే లేదా?"

"ఉందిలే అమ్మమ్మా, నిన్ను చూసి దాక్కుంది," అంది సూదక్క.

తీగలు తాకకుండా గిటారు మెడ వెనకే ఉండిపోయే, కాయలు కాయని బొటనవేలు గుర్తొచ్చింది. దానితో నొక్కితే ఏదో లోపలికి దిగి, మెత్తగా పైకొచ్చింది. అక్కడే గుచ్చింది. రక్తం వచ్చింది.

"కుట్టినట్టే లేదే," అంది ముసలమ్మ.

సూదక్క బయట వరుసలో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టింది. ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు, బొటనవేలు ఒక్కటే.