సభామందిరంలో నున్నటి ముఖం

మా మామగారు మున్సిపల్ ఆఫీసులో రంగులేసే పని చేసి రిటైరయ్యారు. ఆయన మాత్రం ఆ మాట అలా చెప్పరు, ఆ బిల్డింగు నా చేతిలో ఉండేది అంటారు. ఇంటి గోడలు పెచ్చులూడుతున్నా పట్టని మనిషి, ఆఫీసు గోడ మీద మరక పడితే అన్నం మానేసేవారని మా అత్తగారి దెప్పిపొడుపు.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య దొరికిన కాస్త తెరిపిలో కట్టారు దాన్ని. ఇంజనీరు కొత్త మోజు మనిషి. మూలలన్నీ గుండ్రంగా తిప్పి, పొడుగాటి ఇనుప కిటికీలు పెట్టి, గోడల మీద పువ్వూ లతా ఏమీ లేకుండా వదిలేశాడు. మున్సిపల్ సభ్యులకు ఒళ్ళు మండింది. ఇంత ఖర్చు పెట్టించి గోడౌను కట్టాడేమిటని గొడవ చేశారు. చివరికి రాజీ కుదిరింది. బయటంతా ఇంజనీరు ఇష్టం, లోపల సభామందిరం సభ్యుల ఇష్టం. అందుకే బయటినుంచి ఓడలా కనిపించే ఆ భవనంలోకి వెళ్తే, పైకప్పు కింద చుట్టూ సున్నపు గచ్చుతో చేసిన ఆడవాళ్ళ ముఖాలు వరసగా మనల్నే చూస్తుంటాయి. ఆ పేచీకోరు సభ్యులంటే నాకు గౌరవమే.

ఆ ముఖాలు చేసింది మామగారి తండ్రి. అన్నీ ఒకే పోలికలో ఉండాలని ఇంజనీరు బొమ్మ గీసిచ్చాడు. పని జరుగుతుండగానే ఈయన భార్య, అంటే మామగారి తల్లి, జ్వరంతో పోయింది. మామగారు అప్పటికింకా పాలు మానని పిల్లవాడు. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. తాపీ చేతిలో ఉన్న మనిషి ఇంకేం చేస్తాడు? అధ్యక్షుడి కుర్చీకి పైనున్న ముఖం మాత్రం బొమ్మ చూడకుండా, భార్యను తలచుకుని చేశాడు. ఇంజనీరు కనిపెట్టలేదో, కనిపెట్టి ఊరుకున్నాడో తెలీదు. కొడుకు కాస్త పెద్దయ్యాక తీసుకెళ్ళి, అదుగో మీ అమ్మ అని చూపించాడట.

మామగారు రంగుల పనిలో చేరింది అందుకే. ఏటా పెద్ద సమావేశానికి ముందు మందిరానికి రంగు వేయాలి. మిగతా ముఖాలను పనివాళ్ళకు వదిలేసేవారు. వాళ్ళు సున్నంలో బ్రష్షు ముంచి, అలా తగిలించి, చేతులు దులుపుకుని దిగిపోయేవాళ్ళు. అమ్మ దగ్గరికి మాత్రం ఎవర్నీ రానిచ్చేవారు కాదు. సున్నం చేతికంటుతుంది, నాలుగు రోజులకే వెలిసిపోతుంది, అమ్మకు ఆ ఖర్మేమిటని ఆయన వాదన. కిటికీలకు వేయగా మిగిలిన తెల్ల ఎనామిల్‌ను డబ్బాల అడుగునుంచి గోకి, దాచి, నిచ్చెనెక్కి ఆమెకు పూసేవారు. పాత పూత మీద కొత్త పూత పడుతూ ముక్కూ కళ్ళూ నున్నబడిపోతుంటే ఆయనకది కనబడలేదు. మెరుపే కనబడింది.

ఈ మధ్య ఆ భవనాన్ని పాత రూపానికి తేవాలని తీర్మానించి, పాత గచ్చు బాగుచేయడం చదువుకున్న అమ్మాయిని పిలిపించారు. కబురు తెలిసిన దగ్గర్నుంచి మామగారి కాళ్ళు నేల మీద నిలవలేదు. పూతలన్నీ తీసేస్తే అమ్మ ముఖం, తండ్రి చేసింది చేసినట్టు, తను పోయేలోపు మళ్ళీ చూడొచ్చు. ఆయనకు అంతకు మించిన కోరిక లేదు. నన్ను వెంటబెట్టుకుని రోజూ వెళ్ళి కూర్చునేవారు. నా వంట ఏమైపోతోందో ఎవరికీ పట్టలేదు.

ఆ అమ్మాయి ముందుగా పక్కనున్న ముఖాల మీద పని మొదలుపెట్టింది. సన్నటి కత్తితో గీస్తుంటే సున్నం పొరలు పొరలుగా రాలి, కిందనుంచి కనురెప్పలు, పెదవి చివర సన్న నవ్వు, చెవి పక్కన జారిన వెంట్రుకలు కూడా బయటపడ్డాయి. మామగారు కనిపించిన ప్యూనుకల్లా చూపించి మురిసిపోయారు. మా నాన్న పనితనం చూశావా అని నాకూ ఊపిరాడనివ్వలేదు.

అమ్మ వంతు వచ్చింది. ఎనామిల్ అట్టలా ఊడి ఆ అమ్మాయి చేతిలోకి వచ్చేసింది. దాంతోపాటే ముఖమూ వచ్చేసింది. వెనకంతా పిండి.

ఆమె నిచ్చెన దిగి, ఆయన పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. డాబా మీది వాననీరు గోడలోకి దిగుతోందట. సున్నమైతే ఆ చెమ్మను ఆరనిస్తుంది, ఎనామిల్ బయటికి పోనివ్వదు. ఏళ్ళ తరబడి లోపలే మగ్గి గచ్చు పొడైపోయింది. పనివాళ్ళు మొక్కుబడిగా కొట్టిన సున్నం కింద మిగతా ముఖాలన్నీ పదిలంగా ఉన్నాయి. తప్పెవరిదని ఆమె అనలేదు, ఆయన అడగలేదు. నాకు మాత్రం ఎవరి మీదో పట్టరాని కోపం వచ్చింది. ఈయనకు అమ్మ మీద అంత ప్రేమ లేకపోయినా బాగుండేదనుకున్నాను. అలా అనుకున్నందుకు ఏడుపొచ్చింది.

ఖాళీ అయిన చోట మళ్ళీ ముఖం చేయాలి. పక్కదానికి అచ్చు తీసి పెట్టొచ్చు. కానీ అమ్మ ముఖాన్ని అంత దగ్గర్నుంచి చూసింది ఆయనొక్కరే కదా అని ఆ అమ్మాయి కాగితం, పెన్సిలు తెచ్చుకుంది.

"ముక్కెలా ఉండేది తాతగారూ? కోలగానా, కాస్త గుండ్రంగానా? గుర్తున్నంత చెప్పండి, నేను గీస్తాను."

మామగారు కళ్ళు మూసుకున్నారు. చెయ్యి గాల్లోకి లేచి, బ్రష్షు పట్టుకున్నట్టే పైనుంచి కిందికి కదిలి, సగంలో ఆగిపోయింది.

"ముఖం ఎప్పుడు చూశానమ్మా," అన్నారు. "రంగు బాగా పట్టిందా లేదా, అదే చూశాను."