సర్వే మేడంకి ఏం పెడదాం?

లావు తగ్గడం ఎలాగో చెప్పడానికి ఒక వీధికి వెళ్ళిన మనిషి, ఆర్నెల్లు తిరక్కుండానే తనే లావైపోయింది. నవ్వకండి. మీరు ఆ వీధికి వెళ్ళలేదు కాబట్టి నవ్వొస్తోంది. ఒక్కపూట వెళ్ళి రండి, అప్పుడు మాట్లాడదాం.

ఆవిడ పేరు ఖుర్షిదా. సత్తెనపల్లిలో బోరు మోటార్లు బాగుచేసే గౌస్ బాషా భార్య. ఇంటర్ చదివింది, పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్ళింది. చేతులు భగ్గున మండేవి, నోరు మాత్రం ఆగేది కాదు. ఆ నోరు చూసే గుంటూరు నుంచి వచ్చిన పరిశోధనవాళ్ళు ఆమెను సర్వేకి తీసుకున్నారు. మిరప రైతుల ఇళ్ళల్లో ఊబకాయం ఎందుకు పెరుగుతోంది, నచ్చజెబితే తగ్గుతుందా లేదా అని ఏడాదిపాటు చూడ్డం వాళ్ళ పని. ఆమె వంతుకి ఊరి చివరి వీధి ఒకటి వచ్చింది. భుజాన సంచి, అందులో బరువు చూసే మిషను, నడుం కొలిచే టేపు, కొలత గిన్నెలు, ఒక ట్యాబు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి జనం ఆమెను "మేడం" అన్నారు. ఆ మాటకి ఖుర్షిదా ఇంటికెళ్ళి అద్దంలో రెండుసార్లు చూసుకుంది.

పని తేలికే. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారు?" అని ఇంటింటా అడిగి ట్యాబులో ఎక్కించాలి. ఆ తర్వాత బొమ్మలు చూపించి నూనె తగ్గించండి, అన్నం తగ్గించండి అని చెప్పాలి.

"ఏం తింటామమ్మా, ఏదో ఇంత పచ్చడి మెతుకులు" అనేవాళ్ళు అందరూ. ఇక్కడ వసారాలో ఆ మాట అంటుంటే అక్కడ వంటింట్లో మూకుడులో గారెలు చుయ్యిమంటూ ఉండేవి. పచ్చడి మెతుకులన్న మనిషే మరునిమిషంలో ఆమె చేతిలో నాలుగు గారెలున్న ప్లేటు పెట్టేది. గడపలోకి వచ్చిన మనిషిని ఉత్త కడుపుతో పంపితే ఆ ఇంటి పరువేం కాను!

ఆ వీధికి పెద్దదిక్కు సుబ్బరావమ్మ. అరవై దాటిన మనిషి, గొంతెత్తితే పక్క వీధిలో కుక్కలు లేచేవి. ఖుర్షిదా కంచం బొమ్మ చూపించి, "ఇందులో సగం కూరలుండాలి పెద్దమ్మా" అంటే, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది.

"సగం కూరలే పెడితే అన్నం ఎక్కడ పెట్టుకోమంటావే, నెత్తిమీదా?" అని, ముద్దపప్పులో నెయ్యి ధారగా పోసి, "ముందు నువ్వు తిను. పాఠాలు తర్వాత చెబుదువుగాని" అంది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఖుర్షిదా వద్దంది. ఆకలి లేదు పెద్దమ్మా, అంది. అంతే. మర్నాడు సుబ్బరావమ్మకి తలనొప్పి. ఆ పక్కింటావిడ పొలం వెళ్ళింది. ఎదురింటికి తాళం. తాళం వేసిన ఇంట్లోంచి టీవీ మోగుతోంది! ఖుర్షిదా గొల్లుమంటూ స్తుతి మేడంకి ఫోన్ చేసింది. ఒంగోలు నుంచి వచ్చి ఈ పరిశోధన చూసుకుంటున్న చిన్నపిల్ల ఆవిడ, మర్యాదస్తురాలు.

"ఇళ్ళు జారిపోతే ఆ వీధినే లెక్కలోంచి తీసేస్తారండీ. వీధి పోతే మీ పోస్టు కూడా..." అని ఆపైన నసిగింది.

ఇక ఖుర్షిదా తినడం మొదలుపెట్టింది. పులిహోర పెట్టినచోట పులిహోర, అరిసెలు పెట్టినచోట అరిసెలు. కోడికూర వండిన రోజు సుబ్బరావమ్మ, "బుడే సాయిబు కొట్లోనే కోయించాన్లే, హలాలే, భయపడకు" అని ఇంకో రెండు ముక్కలు వేసేది. జాకెట్లు ఒక్కొక్కటే పెట్టెలోకి వెళ్ళిపోయాయి. "సర్వేకి వెళ్తున్నావా, దావత్‌కి వెళ్తున్నావా?" అని గౌస్ బాషా ఒకటే ఎగతాళి.

ఆర్నెల్ల పరీక్షల్లో స్తుతి మేడం సిబ్బందికి కూడా రక్తం తీయించింది. ఖుర్షిదాకి షుగరు అంచు మీద ఉందన్నారు. ఇంకా రాలేదు, ఇలాగే తింటే వస్తుంది. వినగానే ఆమెకి అమ్మ గుర్తొచ్చింది. వాళ్ళమ్మకి షుగరుతోనే మోకాలి దాకా కాలు తీసేశారు. ఆ మంచం పక్కన కూర్చుని సేవ చేసింది ఖుర్షిదానే. తింటే కాలు పోతుంది, తినకపోతే పోస్టు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు తట్టింది ఆమెకి ఆ దిక్కుమాలిన ఆలోచన.

మర్నాడు సుబ్బరావమ్మ ప్లేటు పట్టుకుని రాగానే, "నేను రోజా ఉన్నా పెద్దమ్మా" అంది.

"రంజాన్ ఇంకా రాలేదుగా?"

"పోయిన రంజాన్‌లో కొన్ని తప్పిపోయాయి. ఇప్పుడు తీర్చుకోవాలి."

అలా తీర్చుకోవడం నిజంగా ఉన్నదే. పొద్దున భర్తతో కలిసి ఉప్మా, టీ లాగించి వచ్చింది, ఇవాళ రోజా అన్నదొక్కటే అబద్ధం. సుబ్బరావమ్మ గబుక్కున ప్లేటు వెనక్కి తీసుకుని చెంపలేసుకుంది. "అయ్యో తల్లీ, తెలీక ఎదురుగా పెట్టాను!" నిమిషంలో వీధంతా తెలిసిపోయింది. ఎవరూ ఏమీ పెట్టలేదు. ఖుర్షిదాకి రెక్కలొచ్చినట్టయింది! ఇన్నాళ్ళూ ఈ ఉపాయం ఎందుకు తట్టలేదా అని తన తెలివికి తనే మురిసిపోయింది. అయితే నీళ్ళు కూడా తాగకూడదని గుర్తొచ్చేసరికి మధ్యాహ్నం అయింది. కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటు గొంతులో దూరి దగ్గు, కళ్ళవెంట నీళ్ళు. నోట్లోకి మాత్రం చుక్క దిగడానికి లేదు. "పాపం, ఎంత నిష్ఠ" అనుకున్నారు ఆడవాళ్ళు.

సాయంత్రం సంచి సర్దుకుంటుంటే సుబ్బరావమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికే? పొద్దు గూకుతోంది. రోజా ఇక్కడే విప్పాలి."

చూస్తే ఏముంది! కల్లం పక్కన పరదా పట్టా, దానిమీద ఆ చివర్నుంచి ఈ చివరిదాకా గిన్నెలు. ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, మిరపకాయ బజ్జీలు, సేమ్యా పాయసం, బుడే కొట్టు కోడితో దబరా నిండా బిర్యానీ. ఇంటికో వంటకం. పొద్దున్నుంచి ఒక్కరూ ఏమీ పెట్టకుండా ఎందుకు ఊరుకున్నారో ఖుర్షిదాకి అప్పుడు అర్థమైంది. పైగా గౌస్ బాషాని కూడా పిలిపించారు.

"రోజానా? ఈవిడా? పొద్దున్న..." అని గౌస్ బాషా నోరు తెరిచాడు. ఖుర్షిదా అతని కాలు తొక్కింది. ఈమధ్య పెరిగిన బరువంతా పెట్టి తొక్కింది. "పొద్దున్న... పొద్దున్నే లేచిందండీ, పాపం" అని అతను కుంటుకుంటూ పట్టా మీద చతికిలబడి, బజ్జీల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

మసీదులోంచి అజాన్ వినిపించింది. సుబ్బరావమ్మ ఖర్జూరం తీసి స్వయంగా ఖుర్షిదా నోటికి అందించింది. ఆ పెద్దావిడ, తన దేవుడు కాని దేవుడి కోసం, పొద్దున్నుంచి తనూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట. "నువ్వు ఎండలో ఎండుతుంటే నాకెలా దిగుతుందే" అంది.

ఖుర్షిదా బావురుమంది.

"నేను రోజా లేను పెద్దమ్మా! పొద్దున్నే ఉప్మా తిన్నా! అల్లా పేరు చెప్పి మీకు అబద్ధమాడా!" అని, షుగరు సంగతి, వాళ్ళమ్మ కాలు సంగతి, తినకపోతే తలుపులు వేసుకుంటారన్న భయం, అన్నీ ఏడుస్తూనే చెప్పేసింది. "మీరు పెడితే కాదనలేను. తింటే బతకలేను. నన్నేం చెయ్యమంటారు?"

గౌస్ బాషా బజ్జీ కొరకడం ఆపేశాడు.

"ఓసి నీ మొహం మండ!" అని లేచింది సుబ్బరావమ్మ. "ఈ మాట ముందే చెప్పి చావొచ్చుగా! మేము నీకు పెట్టింది విషమటే? ఎదురుగా కూర్చుని తినేదానివి, నోరు లేదా నీకు? తలుపు వేసుకుంది నీమీద అలిగి, నిన్ను వదిలించుకుందామని కాదు!" ఆవిడ కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదింది. ఆపైన వీధి వంక తిరిగింది. "ఏమర్రా, విన్నారుగా! రేపట్నుంచి ఈ పిల్లకి ఏం పెట్టాలో అది పెడదాం. అంతేగాని పెట్టకుండా ఎలా ఉంటాం?"

ఇక చూడాలి ఆ వీధి పోటీ! నువ్వు జొన్నరొట్టె చేస్తే నేను కొర్రన్నం. నువ్వు ఉడికించిన అలసందలు పెడితే నేను తోటకూర పప్పు, అందులో నూనె చెంచాడే. "నాది అరచెంచానే!" అని ఎదురింటావిడ గోడమీంచి అరిచేది. సంచిలోని కొలత గిన్నెలు అడిగి తీసుకుని మరీ నూనె కొలిచారు. ఒక్క మనిషి కోసం వేరే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఆమెకి వండిందే గిన్నెడు వండారు, మిగిలింది ఇంటిల్లిపాదీ తిన్నారు. మొదట మగవాళ్ళు మూతులు ముడిచారు. తర్వాత అలవాటు పడ్డారు, కొందరు మారు వడ్డించమన్నారు కూడా.

ఏడాది చివర కల్లం దగ్గరే అందరినీ తూచారు. వీధి మొత్తంగా తగ్గింది. స్తుతి మేడం సంబరం పట్టలేక, "ఏ బొమ్మ చూసి మారారండీ? చెప్తే రాసుకుంటాను" అని సుబ్బరావమ్మని అడిగింది.

"బొమ్మా? ఏ బొమ్మమ్మా?" అంది ఆవిడ. "మా పిల్లకి ఒంట్లో బాగాలేదు. దానికోసం వండాం. దాంతోపాటు మేమూ తిన్నాం."

ఖుర్షిదా షుగరు అంచు దిగి కిందికొచ్చింది. కాగితం చూసి ఆమె కల్లం మధ్యలో గిర్రున తిరిగి, ఎదురొచ్చిన స్తుతి మేడంని ఎత్తినంత పనిచేసింది. బరువంటారా, అది కొంచెమే తగ్గింది. ఎంత జొన్నరొట్టె అయినా ఇంటికొకటి తింటే మరి!

పోస్టు నిలబడింది. ఇంకో ఏడాదికి ఊరికి అవతలి వైపు కొత్త వీధి ఇచ్చారు. వెళ్ళే రోజున సుబ్బరావమ్మ పొద్దున్నే క్యారేజీ కట్టి తెచ్చి, చేతిలో పెట్టి, చాలాసేపు చెయ్యి వదల్లేదు. "అక్కడివాళ్ళు నీకేం పెట్టి చంపుతారో ఏమో. మొదటి రోజే చెప్పెయ్. దొంగ రోజాలు ఉండకు" అంది.

కొత్త వీధిలో మొదటి గడప. ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ కుర్చీ వేసి, "ఏం తింటామమ్మా, ఏదో ఇంత పచ్చడి మెతుకులు" అని లోపలికెళ్ళి పునుగుల ప్లేటుతో వచ్చింది. ఖుర్షిదా ఆ ప్లేటుని కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది.

"అక్కా, నాకు షుగరు అంచుదాకా వచ్చి వెళ్ళింది. మా అమ్మకి దానివల్లే కాలు పోయింది. నీ చేతి తిండి నాకు తినాలనుంది, రోజూ తినాలనుంది. కాస్త నాకు సరిపడేది వండి పెడతావా?"

ఎర్రచీరావిడ ఆమె వంక జాలిగా చూసింది. కొంగు బొడ్లో దోపుకుని వంటింటి వైపు నడుస్తూ, "ఏం వండమంటావో చెప్పమ్మా" అంది.